జేడ్ మొక్కను ఇంట్లో పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నా మొదటి జేడ్ మొక్క నా చేతుల్లోనే పోయింది. హాల్లో టీవీ పక్కన, కిటికీకి దూరంగా ఉండేది. రోజూ పొద్దున్నే మిగతా కుండీలతో పాటు దానికీ ఒక గ్లాసు నీళ్ళు పోసేదాన్ని. నెల తిరిగేసరికి కాండం మొదలు వేలితో నొక్కితే నానిన అట్టముక్కలా లోపలికి పోయింది. ఇప్పుడు నా దగ్గరున్నది ఆ తర్వాత తెచ్చుకున్నది. దానితో చాలా ఏళ్ళు గడిపాక ఒక సంగతి తెలిసొచ్చింది: ఈ మొక్కకు నీళ్ళ లెక్క ఎండను బట్టి కట్టాలి. కింది ప్రశ్నల్లో సగం తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

నా దగ్గరున్నది అసలు జేడ్ మొక్కేనా?

అనుమానం మంచిదే. జేడ్ శాస్త్రీయ నామం క్రాసులా ఒవాటా. లాటిన్‌లో క్రాసస్ అంటే మందమైనది, ఒవాటా అంటే గుడ్డు ఆకారంలో ఉన్నది. ఆకును చూస్తే పేరు ఎందుకలా పెట్టారో తెలిసిపోతుంది. పాత తోటపని పుస్తకాల్లో క్రాసులా అర్జెంటియా అని కనిపించినా అది ఈ మొక్కే. సొంత ఊరు దక్షిణాఫ్రికా, మొజాంబిక్ ప్రాంతాలు. అక్కడ రాళ్ళ గుట్టల మీద పొదలా రెండు మీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది.

జేడ్ అనే పేరుతో నర్సరీల్లో దొరికే మరో మొక్క పోర్టులకేరియా ఆఫ్రా. దీన్నే మినీ జేడ్ అని కూడా అంటారు. ఏనుగులు ఇష్టంగా మేస్తాయి కాబట్టి ఏనుగు పొద అన్న పేరూ ఉంది. తేడా పట్టడం తేలిక. పోర్టులకేరియా ఆకు వేలిగోరంత ఉంటుంది, లేత కొమ్మలు సన్నగా ఎర్రటి గోధుమరంగులో ఉంటాయి. అసలు జేడ్ ఆకు చిన్న చెంచా అంత పెద్దది, కాండం లావుగా ఆకుపచ్చ, బూడిద రంగుల్లో ఉంటుంది. ఆకులు గొట్టాల్లా చుట్టుకుని కొసన చిన్న గిన్నెలా ఉంటే అది గోలమ్ రకం, అదీ జేడే. మీ దగ్గరున్నది పోర్టులకేరియా అయినా కింద చెప్పినవి దాదాపు అన్నీ పనికొస్తాయి. కాకపోతే దానికి కొంచెం ఎక్కువ నీళ్ళు పోసినా తట్టుకుంటుంది.

ఎంత ఎండ కావాలి?

రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు నేరుగా ఎండ తగిలితే బాగా పెరుగుతుంది. అంతకంటే తక్కువైనా బతుకుతుంది గానీ ఆ బతుకు వేరు: ఆకులు పల్చబడి, కొమ్మలు సాగి, ఎటు పడితే అటు వాలిపోతుంటాయి.

"మా గదిలో వెలుతురు బాగానే ఉంది" అన్న మాట దగ్గరే లెక్క తప్పుతుంది. మన కన్ను వెలుగుకు తగ్గట్టు తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి కిటికీ పక్కనా, గది మధ్యలోనూ వెలుతురు ఇంచుమించు ఒకటే అనిపిస్తుంది. నిజానికి కిటికీ నుంచి రెండు మీటర్లు లోపలికి వచ్చేసరికి అది చాలా రెట్లు పడిపోతుంది. ఫోన్లో లైట్ మీటర్ యాప్ వేసుకుని కిటికీ గట్టు మీద ఒకసారి, సోఫా పక్కన ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది. యాప్ ఎందుకనుకుంటే మధ్యాహ్నం పూట మొక్క ఉన్నచోట తెల్ల కాగితం పెట్టి, దాని పైన జానెడు ఎత్తులో చెయ్యి అడ్డుపెట్టండి. వేళ్ళ నీడ అంచులు స్పష్టంగా పడితే ఆ చోటు జేడ్‌కు సరిపోతుంది. మసక మసకగా పడితే చాలదు.

ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళకు దక్షిణం కిటికీ, దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్ళకు ఉత్తరం కిటికీ అన్నిటికంటే మేలు. తూర్పు కిటికీ కూడా బాగానే పనిచేస్తుంది. పడమటి కిటికీలో వేసవి సాయంత్రాలు జాగ్రత్త, గాజు వెనక వేడి బాగా పేరుకుంటుంది. ఆకు గాజును తాకకుండా కుండీని కొంచెం ఇవతలికి జరపండి.

ఎండ ఇష్టమని బాల్కనీలో పెట్టాను. మూడో రోజుకే ఆకులు కాలిపోయాయి. ఎందుకు?

ఎండకు పుట్టిన మొక్కే అయినా, మీరు కొన్న మొక్క షేడ్ నెట్ కింద పెరిగి ఉంటుంది. దాని ఆకులు నీడలోనే తయారయ్యాయి. ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలోకి తెస్తే తెల్లగానో గోధుమరంగులోనో ఎండిన మచ్చలు పడతాయి.

మొదట మూడు రోజులు పొద్దుటి ఎండలో గంటసేపు చాలు. ఆ తర్వాత రెండు రోజులకోసారి ఒక గంట పెంచుకుంటూ పోతే రెండు వారాల్లో అలవాటు పడుతుంది. కాలిన మచ్చ ఎప్పటికీ పోదు. అయినా ఆ ఆకును తుంచకండి, మిగిలిన పచ్చ భాగం పనిచేస్తూనే ఉంటుంది. కొత్త ఆకులు వచ్చాక మచ్చలవి వాటంతటవే రాలతాయి.

ఆకుల అంచులు ఎర్రబడుతున్నాయి. జబ్బా?

కాదు. ఎండ బాగా తగిలితే ఆకు ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగు పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. ఎక్కువైన వెలుతురు నుంచి అది ఆకుకు రక్షణ. చల్లటి రాత్రులు, కొద్దిపాటి నీటి కొరత కూడా ఈ ఎరుపును పెంచుతాయి. ఆకు గట్టిగా, నిండుగా ఉన్నంతవరకు ఎర్ర అంచు చూసి సంతోషించండి. మొక్క మొత్తం ఎర్రబారి, ఆకులు ముడుచుకుపోయి, చిగురు ఆగిపోతే మాత్రం వేర్లు కుండీ నిండా చుట్టుకుపోయాయేమో చూడాలి.

మొక్క పొడుగ్గా సాగి ఒక పక్కకు వాలిపోతోంది. ఏం చేయాలి?

వెలుతురు చాలట్లేదు, అది వెతుక్కుంటూ పోతోంది. జేడ్‌లో ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఒక జత పైన వచ్చే జత దానికి అడ్డంగా ఉంటుంది, పైనుంచి చూస్తే కూడిక గుర్తులా. ఆ జతల మధ్య దూరం చూస్తే వెలుతురు సంగతంతా తెలిసిపోతుంది. నా మొక్కనే చూడండి. కిటికీ వైపు కొమ్మలో ఆకుల జతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు ఉంటాయి, మధ్యలో వేలి మందం సందు కూడా లేదు. ఒక ఏడాది కుండీ తిప్పకపోవడంతో గోడ వైపే ఉండిపోయిన కొమ్మలో అదే దూరం బొటనవేలి పొడవు ఉంది. ఒకే కుండీ, ఒకే మట్టి, ఒకే నీళ్ళు.

సాగిన కాండం మళ్ళీ దగ్గరకు రాదు. ముందు మొక్కను ఎండకు అలవాటు చేయండి, తర్వాత సాగిన కొమ్మను కత్తిరించండి. వరస తిరగేస్తే, కత్తిరించిన చోట వచ్చే కొత్త చిగుళ్ళు కూడా సాగిపోతాయి. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతుంటే అన్ని వైపులా సమంగా పెరుగుతుంది.

మా ఇంట్లోకి ఎండే రాదు. గ్రో లైట్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. మామూలు తెల్లటి ఎల్‌ఈడీ గ్రో లైట్ చాలు, ఊదా రంగువే కొనాలని లేదు. మొక్క కొసకు 15 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించండి. ఒక టైమర్ పెట్టుకుంటే మర్చిపోతామన్న టెన్షన్ ఉండదు. రాత్రి మాత్రం తప్పకుండా ఆపాలి, జేడ్‌కు చీకట్లో చేసుకోవాల్సిన పని ఉంది. ఆ సంగతి కింద ఆక్సిజన్ ప్రశ్నలో చెప్పాను.

ఎన్ని రోజులకోసారి నీళ్ళు పోయాలి?

అందరూ ముందుగా అడిగేది ఇదే. రోజుల లెక్కలో దీనికి జవాబు లేదు. "వారానికోసారి" అని ఎవరైనా చెబితే మీ కిటికీ వాళ్ళకు తెలియదన్నమాట. చిన్న మట్టి కుండీలో, ఎండ పడే గట్టు మీద ఉన్న జేడ్ వేసవిలో వారం, పది రోజుల్లో ఆరిపోతుంది. అదే మొక్క ప్లాస్టిక్ కుండీలో, గది మూలలో ఉంటే నెల దాటినా అడుగున తడి ఉంటుంది. మబ్బులు పట్టి వారం రోజులు ఎండ రాకపోతే ఆ వారం నీళ్ళ మాటే ఎత్తకూడదు.

తెలుసుకోవడానికి మూడు పద్ధతులున్నాయి. ఒకటి, సన్నటి చెక్క పుల్లను కుండీ అడుగు దాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయడం. పుల్ల నల్లబడినా, మట్టి అంటుకున్నా ఇంకా ఆగాలి. రెండు, కుండీని ఎత్తి చూడటం. నీళ్ళు పోసిన రోజు ఒకసారి, బాగా ఆరాక ఒకసారి ఎత్తితే చాలు, తర్వాత చేతికే తెలిసిపోతుంది.

మూడోది ఆకు. నేను నమ్ముకున్నది దీన్నే. కాండం కింది భాగంలో ఉన్న ఒక ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చాలా మెల్లగా వంచి చూడండి. నీళ్ళు నిండిన ఆకు వంగనంటుంది, గట్టిగా వంచితే టప్‌మని విరుగుతుంది. దప్పిక మొదలైన ఆకు కొద్దిగా వంగుతుంది, మెరుపు తగ్గుతుంది, పైన సన్నటి గీతలు పడతాయి. కొస ఆకులు చూసి మోసపోవద్దు, కింది ఆకుల్లో దాచిన నీళ్ళు పైకి పోతాయి కాబట్టి కొసలు చివరిదాకా నిగనిగలాడుతూనే ఉంటాయి.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. అడుగు కన్నాల్లోంచి నీళ్ళు కారేదాకా పోయండి, రెండు నిమిషాలాగి మళ్ళీ పోయండి. పావుగంట తర్వాత పళ్ళెంలో మిగిలినవి పారబోయండి. రోజూ రెండు చెంచాలు పోస్తే పై మట్టి తడుస్తుంది గానీ కింది వేర్లకు అందదు. నిండా పోయడం, పూర్తిగా ఆరనివ్వడం, మళ్ళీ నిండా పోయడం, ఇదే వరస.

ఆకులు ముడతలు పడ్డాయి, నీళ్ళు పోసినా తేరుకోలేదు. ఎందుకని?

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ముడతలు చూసి దప్పిక అనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు. ముందు మట్టి చూడండి.

మట్టి పొడిగా ఉండి ఆకు ముడుచుకుంటే అది మామూలు దాహమే. నిండా నీళ్ళు పోస్తే రెండు మూడు రోజుల్లో ఆకు మళ్ళీ ఉబ్బుతుంది. మట్టి తడిగా ఉండి కూడా ఆకు ముడుచుకుంటే వేర్లు కుళ్ళాయని అర్థం. చుట్టూ నీళ్ళున్నా పీల్చుకోవడానికి వేరు లేదు. ఇక్కడ ఇంకో గ్లాసు పోస్తే మిగిలినదీ పోతుంది.

ఆకు పసుపుగా మారి, లోపల నీళ్ళు కనిపించేంత పల్చగా అయ్యి, ముట్టుకుంటే రాలిపోతుంటే అది నీళ్ళు ఎక్కువైనందుకే. మొత్తం మీద తక్కువ నీళ్ళు పోసిన జేడ్‌ను కాపాడటం తేలిక, ఎక్కువ పోసిన జేడ్‌ను కాపాడటం ఆపరేషన్ లాంటిది.

ఆ ఆపరేషన్ ఎలా చేయాలి?

కుండీలోంచి మొక్కను బయటకు తీసి మట్టి దులపండి. బతికున్న వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి లాగితే గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరు నల్లగా ఉండి, వేళ్ళతో లాగగానే పైతొడుగు ఊడివచ్చి లోపల దారప్పోగు మిగులుతుంది. అలాంటివన్నీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో తీసేయండి.

కాండం మొదలు మెత్తబడి ఉంటే వేర్ల గొడవ వదిలేసి పైకి రండి. కాండాన్ని కొంచెం కొంచెంగా కోస్తూ పోండి. కోసిన ముఖం మీద గోధుమరంగు చుక్క గానీ వలయం గానీ కనిపించినంతసేపు ఇంకా పైకి కోయాలి. పూర్తిగా లేత ఆకుపచ్చ కనిపించాక ఆగండి. ఒక్క చుక్క వదిలినా కుళ్ళు అక్కడి నుంచే మళ్ళీ ఎక్కుతుంది. నా మొదటి మొక్క అప్పుడు ఈ సంగతి తెలియక రెండు అంగుళాల దగ్గర ఆపేశాను, వారానికల్లా మిగతాదీ పోయింది.

మిగిలిన ముక్కను ఎండ తగలని, గాలి ఆడే చోట వారం రోజులు ఆరబెట్టి పొడి మట్టిలో నాటండి. మరో వారం దాకా నీళ్ళు వద్దు.

ఎలాంటి మట్టి వాడాలి?

నీళ్ళు పోయగానే చకచకా దిగిపోయేది. సగం మామూలు పాటింగ్ మిక్స్, సగం 3 నుంచి 6 మిల్లీమీటర్ల పలుకులుండే పెర్‌లైట్, ప్యూమిస్ (తేలికైన రాతి పలుకులు) లేదా ముతక ఇసుక, గులక. నీళ్ళు ఎక్కువ పోసే చెయ్యి మీదైతే, లేదా ఎండ తక్కువ వచ్చే చోటైతే పలుకుల పాలు ఇంకా పెంచండి. సన్నటి ఇసుక మాత్రం కలపొద్దు. అది సందులన్నీ పూడ్చి మట్టిని సిమెంటులా బిగించేస్తుంది. పూర్తిగా కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడిలో) ఉన్న మొక్కలు కూడా వస్తుంటాయి. కోకోపీట్ తడిస్తే చాలాకాలం ఆరదు, బాగా ఎండితే నీళ్ళను సరిగా పీల్చదు, పక్కల నుంచి జారిపోతాయి. అలాంటి మొక్కను తెచ్చిన కొద్ది వారాల్లోనే మట్టి మార్చడం మంచిది.

కుండీ అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా పోతాయా?

పోవు. వినడానికి బాగుంటుంది గానీ జరిగేది వేరు. ఒక స్పాంజిని బాగా తడిపి గులకరాళ్ళ మీద పెట్టి చూడండి. కొన్ని చుక్కలు కారి ఆగిపోతాయి, స్పాంజి కింది భాగం తడిగానే ఉంటుంది. మట్టి కూడా అంతే. సన్నటి సందుల్లో పట్టుకున్న నీళ్ళు పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా దిగవు. అంటే నీళ్ళు నిలిచే పొర కుండీ అడుగున ఉండాల్సింది, గులకరాళ్ళ వల్ల వేర్లకు ఇంకా దగ్గరగా వస్తుంది. అడుగున కన్నం ఉండటమే అసలు సంగతి. కన్నం లేని అందమైన కుండీ మీద మనసు పడితే, కన్నాలున్న ప్లాస్టిక్ కుండీలో మొక్క ఉంచి దాన్ని ఇందులో దింపండి. నీళ్ళు పోసేటప్పుడు బయటకు తీయండి.

ఏ కుండీ మంచిది? ఎప్పుడు మార్చాలి?

కాల్చిన మట్టి కుండీ. గోడల్లోంచి తడి ఆరుతుంది, పైగా బరువు ఉంటుంది. పెరిగిన జేడ్‌కు తల బరువెక్కువ, తేలికపాటి ప్లాస్టిక్ కుండీ అయితే గాలికే కాదు, పక్కనుంచి పిల్లి నడిచినా పడిపోతుంది. రెండు మూడేళ్ళకోసారి, పాత కుండీ కంటే రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే వెడల్పున్న దానిలోకి మార్చండి. చిన్న మొక్కకు పెద్ద కుండీ పెడితే వేర్లు చేరని మట్టంతా తడిగా ఉండిపోతుంది. మార్చేటప్పుడు మట్టి పొడిగా ఉండాలి, మార్చాక వారం దాకా నీళ్ళు పోయకూడదు. తెగిన వేర్లు మానడానికి ఆ గడువు.

ఆకుల మీద నీళ్ళు చల్లాలా?

అక్కర్లేదు. దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవండి, అంతే.

జేడ్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందట. పడకగదిలో పెట్టొచ్చా?

ఎండ వచ్చే పడకగదైతే పెట్టండి, ఆక్సిజన్ కోసం మాత్రం కాదు. జరిగేది ఇది. మామూలు మొక్కలు పగటిపూట ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి, ఆ దారినే నీటి ఆవిరీ పోతుంది. ఎడారి ఎండలో అలా చేస్తే ఒంట్లో నీళ్ళన్నీ పోతాయి. అందుకని జేడ్ పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక రంధ్రాలు మూసుకుని, ఎండ సాయంతో ఆ దాచిన సరుకుతో చక్కెర చేసుకుంటుంది. ఆక్సిజన్ పుట్టేది ఆ పగటి పనిలోనే. పైగా ఒక కుండీ మొక్క వల్ల గది గాలిలో తెలిసేంత తేడా ఏమీ రాదు.

ఈ పద్ధతికి పేరు కూడా జేడ్ కుటుంబం మీదే వచ్చింది: క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం. దీని గురించిన తొలి గమనింపుల్లో ఒకటి నాలుకతో జరిగింది. భారతదేశంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్, అదే కుటుంబానికి చెందిన రణపాల ఆకు పొద్దున పుల్లగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుందనీ గమనించి 1813లో ఉత్తరం రాశాడు. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం లిన్నియన్ సొసైటీ వాళ్ళు దాన్ని 1815లో అచ్చేశారు. రాత్రి దాచిన ఆమ్లమే ఆ పులుపు. జేడ్ ఆకు మాత్రం నోట్లో పెట్టుకోకండి.

ఇదంతా మనకెందుకంటే, నీళ్ళ లెక్క ఇక్కడే ఉంది. ఇంత పొదుపుగా ఆవిరి వదిలే మొక్క కుండీలో నీళ్ళను చాలా నిదానంగా తాగుతుంది. వెలుతురు తగ్గితే ఆ కాస్త తాగడమూ తగ్గిపోతుంది, తడి మాత్రం మట్టిలో అలాగే ఉండిపోతుంది.

ఆకుల మీద తెల్లటి చుక్కలున్నాయి. పురుగా?

గోరుతో గీకి చూడండి. ఆకు మీద అక్కడక్కడా సూది మొనంత చుక్కలుండి, తడిగుడ్డతో తుడిస్తే పోతే అది ఉప్పు. జేడ్ ఆకుల మీద అదనపు నీటిని బయటకు పంపే సన్నటి రంధ్రాలుంటాయి. ఆ నీరు ఆరిపోయి అందులోని లవణాలు మిగులుతాయి. ఏ ప్రమాదమూ లేదు.

ఆకు కాండంతో కలిసే సందుల్లో దూది పీచులా ఉండి, ముట్టుకుంటే జిగురుగా తగిలితే అది పిండినల్లి. జేడ్‌కు అసలు శత్రువు ఇదే. ముందు ఆ కుండీని మిగతా మొక్కలకు దూరంగా పెట్టండి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి ఒక్కో పురుగునూ అద్దుతూ తుడవండి. గుడ్లు ఆ తర్వాత పొదుగుతాయి కాబట్టి ఒక్కసారితో అయిపోయిందనుకోవద్దు, వారానికోసారి చొప్పున కనీసం నాలుగు వారాలు చేయాలి. సబ్బు నీళ్ళు, నూనె స్ప్రేలు జేడ్ ఆకులకు కొన్నిసార్లు పడవు. వాడాలనుకుంటే ముందు ఒక ఆకు మీద చల్లి రెండు మూడు రోజులు చూడండి, సాయంత్రం పూటే చల్లండి. పైన ఏమీ కనిపించకుండా మొక్క నీరసిస్తుంటే వేర్ల మధ్య కూడా ఇదే పురుగు ఉండొచ్చు. కుండీ లోపలి గోడ మీద తెల్లటి బూడిదలా కనిపిస్తుంది.

ఆకు మీద గోధుమరంగు బెరడులాంటి బొడిపెలు లేచి, గట్టిగా, పొడిగా ఉంటే అది పురుగు కాదు. వేర్లు తాగినంత నీరు ఆకు వదల్లేక కణాలు పగిలిన గుర్తులు. నీళ్ళు తగ్గించి వెలుతురు పెంచండి.

ఎరువు వేయాలా?

తక్కువగా. పెరిగే కాలంలో నెలకో, రెండు నెలలకో ఒకసారి, ప్యాకెట్ మీద రాసినదానిలో సగం మోతాదు. నీడలో ఉన్న మొక్కకు వేస్తే ఇంకా సాగుతుంది తప్ప ఉపయోగం లేదు.

ఒక్క ఆకుతో కొత్త మొక్క వస్తుందా?

వస్తుంది, ఓపికుంటే. ఆకును మొదలు దగ్గర పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపితే పూర్తిగా ఊడి వస్తుంది. మధ్యలో విరిగితే పనికిరాదు, చిగురు పుట్టేది ఆ మొదట్లోనే. నాలుగైదు రోజులు కాగితం మీద ఆరనిచ్చి, పొడి మట్టి మీద పడుకోబెట్టండి. పాతిపెట్టాల్సిన పనిలేదు. రెండు మూడు వారాలకు గులాబీ రంగు వేర్లు దారాల్లా బయటికొస్తాయి, ఆ తర్వాత ఆవగింజంత ఆకుల జత. వేర్లు కనిపించాకే మట్టి మీద కొంచెం నీళ్ళు చల్లడం మొదలుపెట్టండి. ఆ పిల్ల ఎదిగేకొద్దీ పెద్దాకు ముడుచుకుంటూ పోతుంది, దాన్ని పీకేయకండి, అది పిల్లకు పాలిస్తున్నట్టే.

తొందరగా కావాలంటే ఎనిమిది, పది సెంటీమీటర్ల కొమ్మ కోయండి. వారం ఆరబెట్టి నాటితే ఏడాదిలోపే మొక్కలా కనిపిస్తుంది. నీళ్ళ సీసాలో పెట్టి వేర్లు తెప్పించడం చాలామంది చేస్తారు. వస్తాయి కూడా. నాకు మాత్రం నచ్చదు, మట్టిలోకి మార్చాక మళ్ళీ సర్దుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది.

చిన్న చెట్టులా గుబురుగా ఎలా వస్తుంది?

కత్తిరిస్తేనే. కణుపుకు కాస్త పైన కోస్తే ఆ కణుపు నుంచి సాధారణంగా రెండు కొమ్మలు వస్తాయి. వాటినీ రెండు మూడు జతల ఆకుల తర్వాత తుంచితే నాలుగవుతాయి. మిగిలిన చిన్న మోడు ఎండి దానంతటదే ఊడిపోతుంది. కాండం లావెక్కడానికి మాత్రం ఎండ, ఏళ్ళు రెండూ కావాలి. దశాబ్దాలు బతికే మొక్క ఇది, తొందరేం లేదు.

పూలు పూస్తుందా?

పూస్తుంది, చిన్న చిన్న నక్షత్రాల్లా, తెల్లగానో లేత గులాబీగానో, ఐదు రేకులతో. మొక్కకు కొన్నేళ్ళ వయసు రావాలి, పగలు మంచి ఎండ ఉండాలి, రాత్రులు పొడవుగా, 10 నుంచి 15 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి, ఆ వారాల్లో నీళ్ళు తగ్గించాలి. రాత్రిళ్ళు లైటు వెలిగే గదిలో ఉంటే మొగ్గ వేయడం కష్టం. నా మొక్క ఇన్నేళ్ళలో ఒక్కసారే పూసింది, అదీ ఇంటి పనుల వల్ల రెండు నెలలు బయట వదిలేసిన చలికాలంలో. చలి మంచిదని గడ్డకట్టే చలిలో వదలొద్దు, ఆకుల్లోని నీళ్ళు గడ్డకడితే మొక్క ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది.

ఆకులు పచ్చగానే ఉండి రాలిపోతున్నాయి. ఎందుకు?

చోటు మారడం, ఉన్నట్టుండి చలిగాలి, ఏసీ గాలి నేరుగా తగలడం, లేదా అకస్మాత్తుగా చీకటి. కొత్తగా ఇంటికి తెచ్చిన మొక్క కొన్ని ఆకులు రాల్చడం మామూలే. కాండం గట్టిగా ఉంటే కంగారు పడకుండా అక్కడే వదిలేయండి. చోటు మళ్ళీ మళ్ళీ మారిస్తే ఇంకా రాలుస్తుంది.

ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నాయి. ప్రమాదమా?

అవును. జేడ్ ఆకులు తింటే పిల్లులకు, కుక్కలకు వాంతులు, నీరసం వస్తాయి, నడకలో తూలతాయి. అందనంత ఎత్తులో పెట్టండి. తిన్నట్టు తెలిస్తే ఎంత తిందో చూసుకుని పశువైద్యులకు ఫోన్ చేయండి.

నెల రోజులు ఊరెళ్తున్నాం. ఎవరికి అప్పజెప్పాలి?

ఎవరికీ వద్దు. అప్పజెబితే వాళ్ళు పాపం మొహమాటానికి రోజూ నీళ్ళు పోస్తారు. వెళ్ళే ముందు మట్టి ఆరి ఉంటే నిండా పోసి, పళ్ళెం వంపేసి, నేరుగా మధ్యాహ్నం ఎండ పడని, వెలుతురున్న కిటికీ దగ్గర పెట్టి తాళం వేసుకోండి. తిరిగొచ్చేసరికి కింది ఆకులు కొంచెం ముడుచుకుని ఉంటాయి. బ్యాగులు దించాక ఒకసారి నీళ్ళు పోయండి, మూడో రోజుకు సర్దుకుంటాయి.